ఎవరినడిగి గీశారు ఈ గీత?

ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్‌లో షట్టర్లు చాలావరకు మూసే ఉంటాయి. మిగతా ఆరు రోజులూ బట్టలు, చెప్పులు, వాచీలు అమ్మే షాపుల ముందు ఆ ఒక్కరోజు ప్లాస్టిక్ పట్టాలు పరుస్తారు. వాటి మీద పుస్తకాలు. ఎంసెట్ గైడ్లు, పాత మాస్కో ప్రచురణలు, అట్టలూడిన ఉర్దూ నిఘంటువులు, ఎవరో ఎవరికో ప్రేమగా సంతకం చేసిచ్చిన కవితా సంపుటాలు. చదువుకోసం హైదరాబాద్ వచ్చిన మొదటి ఏడాది నుంచీ నేనక్కడ కొంటూనే ఉన్నాను.

ఈమధ్య ఒక ఆదివారం, చాలాకాలంగా పరిచయం ఉన్న పుస్తకాలాయన పట్టా కింద నుంచి ఒక పాలిథీన్ కవరు తీసి చూపించాడు. లోపల పదీ పదిహేను రసీదులు. కొన్నిటి మీద సిరా వెలిసిపోయింది. అన్నీ ఫుట్‌పాత్ మీద సామాను పెట్టినందుకు ఏయే ఏళ్లల్లోనో కట్టిన జరిమానాలవి.

"ఎందుకు దాచినవన్నా ఇవన్నీ?" అని అడిగాను.

"ఎప్పటిసంది కూసుంటున్నవ్, రుజువేంది అని అడుగుతున్నరు సార్. నా దగ్గర ఇంకేమున్నయ్? జుర్మానా కట్టిన్నంటే నేనిక్కడ ఉన్నట్టే గదా!"

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఇంటికొచ్చాక కూడా ఆ కవరు కళ్ల ముందు నుంచి పోలేదు. నువ్విక్కడ ఉండకూడదు అని ఇచ్చిన కాగితమే, నువ్విక్కడ ఉన్నావనడానికి మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం.

మా చిన్నాయనకి ఆ కాగితం కూడా లేదు.

ఆయనకి నాంపల్లిలో, స్టేషన్‌కి కొంచెం దూరంలో ఒక కిరాయి మల్గిలో ట్రెడిల్ ప్రెస్సు ఉండేది. పెళ్లి కార్డులు, బిల్లు బుక్కులు, చిన్న సంఘాల కరపత్రాలు వేసేవాడు. ఒకరోజు పొద్దున వెళ్లేసరికి గోడ మీద ఎర్ర రంగుతో గీత, పక్కన ఇన్ని అడుగులు అని అంకె. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. నోటీసు ఓనరుకొచ్చింది, పరిహారమూ ఆయనకే వచ్చింది. చిన్నాయనకి వచ్చింది ఓనరు అన్న ఒక్క మాట, "వేరే జాగ చూస్కో" అని. ట్రెడిల్ మిషన్‌ని చివరికి ఇనుప సామాను కింద తూకానికి అమ్మేశాడు. సీసం అచ్చులు విడిగా, ఇంకో రేటుకి.

ఆ తర్వాత ఎక్కడ ఎర్ర గీత కనబడినా ఆయన ఒకటే అనేవాడు: "ఎవరినడిగి గీసిండ్రు?" మేం పిల్లలం నవ్వుకునేవాళ్లం. రోడ్డు వద్దా మరి? బస్సు ఇరుక్కుపోతే తిట్టుకునేది మనమేగా? నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది, చిన్నాయన ఒక్కసారి కూడా రోడ్డు వద్దనలేదని. అడగాల్సింది కదా అన్నాడు, అంతే. ఈ రెండూ ఒకటి కాదు. ఊరి బాగు గురించి మనం చేసే వాదనల్లో సగం, ఈ రెండిటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చినవే.

ఆయన ప్రశ్న వయసెంతో వెతుకుతూ పోతే, అది ఆయనకన్నా చాలా పాతదని తెలిసింది. చిత్రమేమిటంటే, ఆ చరిత్ర చాలావరకు నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ దాకా నడిచే దూరంలోనే ఉంది.

*

స్టేషన్ రోడ్డు మీద ఆబిడ్స్ వైపు నడుస్తుంటే గోల్డెన్ త్రెషోల్డ్ వస్తుంది. సరోజినీ నాయుడు ఇల్లుగా అందరికీ తెలుసు. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైంది కూడా ఇక్కడే. ఆమె తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ ఎడిన్‌బరోలో డాక్టరేట్ చేసి, సాలార్ జంగ్ కాలంలో ఇక్కడికొచ్చి, తర్వాత నిజాం కాలేజీగా మారిన విద్యాసంస్థని నడిపినవాడు. ఆయన గురించి చెప్పేటప్పుడు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తాం. 1883 సంగతి తక్కువగా చెప్పుకుంటాం.

ఆ ఏడాది ఫిబ్రవరిలో మొదటి సాలార్ జంగ్ చనిపోయాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంకా మైనరు. సరిగ్గా ఆ సమయంలో రైలు మార్గాన్ని చాందా వైపు పొడిగించే ఒప్పందమొకటి ముందుకొచ్చింది. కట్టేది ఇంగ్లండులో పెట్టుబడి సేకరించే కంపెనీ. ఆ పెట్టుబడి మీద వడ్డీకి పూచీ పడేది ఇక్కడి ఖజానా. అంటే లాభం వాళ్లది, నష్టమొస్తే మనది. అఘోరనాథ్, ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటి కొందరు కలిసి కమిటీగా ఏర్పడి అడిగింది చాలా చిన్న విషయం: షరతులేమిటో బయటపెట్టండి, జనం ముందు చర్చ జరగనివ్వండి. రైలు వద్దని కాదు.

దానికి జవాబుగా మే నెలలో అఘోరనాథ్‌ని ఉద్యోగం నుంచి తప్పించి, రాజ్యం బయటికి పంపించేశారు. కొన్నేళ్ల తర్వాతే ఆయన్ని తిరిగి రానిచ్చారు. ఆ ఒప్పందాన్ని కుదిర్చిన అధికారి అబ్దుల్ హఖ్. ఐదేళ్లు తిరక్కుండా, 1888లో, హైదరాబాద్ గనుల కంపెనీ వ్యవహారం మీద బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణకి కూర్చున్నప్పుడు అందులో కేంద్రంగా నిలిచిందీ ఆయన పేరే. అడిగినవాళ్ల అనుమానం మరీ గాలిలోది కాదన్నమాట.

హైదరాబాద్‌లో ఆధునిక రాజకీయ చైతన్యానికి చాందా రైల్వే గొడవని మొదటి మెట్టుగా చరిత్రకారులు లెక్కిస్తారు. నాకు అందులో ముఖ్యంగా కనబడేది వేరే. ఈ నగరంలో పౌరుడు మొట్టమొదట ఓటరుగానో, ఉద్యమకారుడిగానో పుట్టలేదు. ఒక నిర్మాణ ఒప్పందం కాగితాలు చూపించమని అడిగినవాడిగా పుట్టాడు. పుట్టగానే ఊరి బయటికి నడిచాడు.

*

రైలు వచ్చింది. ఇప్పుడు మనం చూస్తున్న నాంపల్లి స్టేషన్ 1907లో కట్టారు. మరుసటి ఏడాది, 1908 సెప్టెంబరు 28న, మూసీ పొంగి వేలమందిని తీసుకుపోయింది. ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చాడు. నదికి పైన జలాశయాలు, ఊరికి మురుగు కాలువలు కట్టాలని ప్రణాళిక ఇచ్చాడు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ ఆలోచన నుంచి వచ్చినవే. 1912లో, ఏడో నిజాం గద్దెనెక్కిన మరుసటేడు, సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. నగరంలో మన కళ్లకి అందంగా కనబడేవాటిలో చాలా భాగం ఆ బోర్డు పనే. పత్తర్‌గట్టి రాతి వరండాలు, వెడల్పు రోడ్లు, పార్కులు, పేదలకీ గుమాస్తాలకీ ఆదాయాన్ని బట్టి కిరాయికిచ్చిన ఇళ్లు. ఇరుకు బస్తీలు తొలగించి మళ్లీ కట్టిన చోట్లలో నాంపల్లి కూడా ఒకటి.

బోర్డుని తక్కువ చేసి మాట్లాడటం నాకిష్టం లేదు. అప్పటికే బొంబాయిలో ప్లేగు తర్వాత 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు వచ్చింది. అక్కడ కూలగొట్టినన్ని గదులు తిరిగి కట్టలేదనే విమర్శ ఎప్పుడూ ఉండేది. హైదరాబాద్ బోర్డు మాత్రం పేదలకి ఇళ్లు కట్టడాన్ని తన అసలు పనుల్లో ఒకటిగా పెట్టుకుంది. గాలి, వెలుతురు, మరుగుదొడ్డి ఉన్న ఇల్లు అప్పట్లో చిన్న విషయం కాదు. ఆ కాలనీల్లో పెరిగినవాళ్లని అడిగితే ఇప్పటికీ ప్రేమగానే చెప్తారు.

కానీ ఏ ఇల్లు కూలాలి, ఎవరు ఎటు పోవాలి అన్న నిర్ణయంలో ఆ ఇళ్లలో ఉన్నవాళ్లకి చోటులేదు. పాలన అలాంటిది. సభ పెట్టుకోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలనే గస్తీ నిషాన్ 53 ఉన్న రాజ్యమది. అక్కడి జనం రిఆయా, అంటే ప్రజలు. దొర మంచివాడైతే బాగా చూసుకుంటాడు. చూసుకోవడమే ఉంటుంది, అడగడం ఉండదు. మేలు చేయడానికీ అడగడానికీ మధ్య తేడా ఎక్కడుందో చూడాలంటే, మన నగరంలో ఆ బోర్డు రోజులకన్నా మంచి ఉదాహరణ దొరకదు. మేలు జరిగిన మాట నిజం. అడగని మాటా నిజమే.

అడుగుతూ కూడా ఊరిని బాగుచేయొచ్చని అప్పట్లోనే ఒకాయన చెప్తూ తిరిగాడు. స్కాట్లండ్ నుంచి వచ్చిన పాట్రిక్ గెడ్డెస్. తంజావూరు, బలరాంపూర్, ఇండోర్ వంటి ఊళ్లకి నివేదికలు రాశాడు. మ్యాపు మీద స్కేలు పెట్టి గీత లాగి, దాని కిందికొచ్చినవన్నీ కూల్చే పద్ధతి ఆయనకి నచ్చేది కాదు. ముందు గల్లీ గల్లీ నడవాలి, ఎవరు ఎలా బతుకుతున్నారో చూడాలి, తప్పనిసరైన చోట మాత్రమే కత్తి పెట్టాలి. ఖర్చూ తక్కువే, కన్నీళ్లూ తక్కువే అనేది ఆయన వాదం. ఆయన హైదరాబాద్‌కీ వచ్చాడు, ఉస్మానియా విశ్వవిద్యాలయం గురించి నివేదిక ఇచ్చాడు. కానీ స్కేలుతో గీసే అలవాటు ఇక్కడా పోలేదు, ఇంకెక్కడా పోలేదు.

*

నాంపల్లి, ఆబిడ్స్, బేగంబజార్ దార్లు కలిసే చోట మొజంజాహి మార్కెట్ ఉంది. 1935లో కట్టారు. బోర్డుకి అధ్యక్షుడిగా ఉన్న నిజాం రెండో కొడుకు మొజం జా పేరే దానికి పెట్టారు. పళ్లు, పూలు, అత్తరు, తర్వాత ఐస్‌క్రీమ్. మా చిన్నాయన పెద్ద ఆర్డరు దొరికిన రోజున మమ్మల్ని అక్కడికే తీసుకెళ్లేవాడు.

మార్కెట్ కట్టిన పదిహేనేళ్లకి రిఆయా పౌరులయ్యారు. 1948 వచ్చింది, 1950 వచ్చింది, ఓటు వచ్చింది. ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వారసత్వం హౌసింగ్ బోర్డుకి చేరింది. దాని కార్యాలయం గృహకల్ప కూడా నాంపల్లిలోనే, ఎం.జె. రోడ్డు మీద. మనిషి హోదా మారింది, గీత గీసే పద్ధతి మాత్రం అంత తొందరగా మారలేదు. చిన్నాయన మల్గి పోయిననాటికి దేశంలో భూసేకరణకి ఆధారం ఇంకా 1894 నాటి చట్టమే. కాగితం మీద అద్దెదారుడికీ అందులో కాస్త చోటుంది. ఆ చోటు దాకా వెళ్లాలంటే రాసుకున్న అగ్రిమెంటు, లాయరు, కోర్టు చుట్టూ తిరిగే ఓపిక ఉండాలి. చిన్నాయనది నోటిమాట కిరాయి.

అందువల్ల ఒకే రోడ్డు మీద మూడు రకాల పౌరులుండేవాళ్లు. సొంత గోడ ఉన్నవాడు, అతనికి నోటీసొస్తుంది. కిరాయి గోడ ఉన్నవాడు, అతనికి కబురొస్తుంది. గోడే లేనివాడు, అతని దగ్గరికి సామాను ఎత్తుకెళ్లే బండి వస్తుంది.

ఈ వరుస కాగితం మీదైనా కదలడం 1980ల్లో మొదలైంది. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు, బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనంది. 1989లో సోదన్ సింగ్ కేసులో, వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛ కిందికే వస్తుందని, ప్రభుత్వం దాన్ని క్రమబద్ధం చేయొచ్చని చెప్పింది. 2013 భూసేకరణ చట్టం, మూడేళ్లుగా అక్కడ పనిచేస్తూ దానిమీదే బతుకుతున్న కుటుంబాన్ని, సొంత భూమి లేకపోయినా, బాధిత కుటుంబంగా గుర్తించింది. భూమి తీసుకునేముందు సామాజిక ప్రభావాన్ని అధ్యయనం చేయాలని, బహిరంగ విచారణ పెట్టాలని అంది. అంటే చిన్నాయన ప్రశ్న అక్షరాలా చట్టంలోకి ఎక్కింది. అయితే 2017లో తెలంగాణ చేసిన సవరణ, కొన్ని రకాల ప్రాజెక్టులకి ఆ అధ్యయనం నుంచి మినహాయింపునిచ్చింది. ఎక్కిన ప్రశ్న సగం మెట్ల మీద నిలబడిపోయింది.

*

అడిగించుకోగల బలం అందరికీ ఒకేలా ఉండదు. ఆబిడ్స్ పక్కనే ఉన్న సుల్తాన్ బజార్ చూస్తే ఇది తెలుస్తుంది. ఒకప్పుడది రెసిడెన్సీ బజార్, బ్రిటిష్ రెసిడెంటు అధికారం నడిచిన చోటు. 1933లో నిజాం చేతికి తిరిగొచ్చి సుల్తాన్ బజార్ అయింది. ఆ ఇరుకు వీధి మీదుగా మెట్రో స్తంభాలు వస్తాయనగానే వ్యాపారులు ఏళ్ల తరబడి పోరాడారు. ధర్నాలు, బందులు జరిగాయి. పార్టీలు వచ్చి పక్కన నిలబడ్డాయి. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక దారి మార్చే ఆలోచనని ప్రభుత్వమే ముందుకు తెచ్చింది. చివరికి మార్గం పాతదే ఖాయమైంది. 2020 ఫిబ్రవరి 7న రైలు నడిచింది.

ఆ రైలు నేనూ ఎక్కుతాను. కిటికీలోంచి చూస్తే చీరల షాపుల మొదటి అంతస్తులు చేతికందేంత దగ్గర్లో ఉంటాయి. ఓడిపోయినా ఆ షాపులవాళ్లు కొన్నేళ్లపాటు ఒక ప్రభుత్వాన్ని ఆలోచించేలా చేయగలిగారు. వాళ్లకి అసోసియేషన్ ఉంది, కరెంటు బిల్లు ఉంది, తమ పేరు మీద అడ్రసు ఉంది. అదే షాపుల మెట్ల ముందు రుమాళ్లు, గాజులు అమ్మేవాళ్ల మాట ఆ గొడవంతటిలో ఎంతమందికి వినబడింది?

2024లో మూసీ ఒడ్డు ఇళ్ల మీద మళ్లీ ఎర్ర అక్షరాలు కనిపించాయి. టీవీలో చూస్తుంటే ఒకామె గోడ మీది గుర్తుని కొంగుతో తుడుస్తోంది. చిన్నాయన బతికుంటే ఏమనేవాడో నాకు తెలుసు.

*

మొజంజాహి మార్కెట్‌ని ఈమధ్య బాగుచేశారు. రాయి మీది మకిలి పోగొట్టి, దీపాలు పెట్టి, 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. సాయంత్రం పూట అక్కడ కూర్చుంటే నిజంగా బాగుంటుంది. వారసత్వం అంటే మనకి ఠక్కున గుర్తొచ్చేది ఇదే. గడియారపు గోపురం, కమాను, చెక్కిన రాయి.

అయితే మన చట్టంలో వారసత్వానికి ఇంకో అర్థం కూడా ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం రెండో షెడ్యూలులో ఒక చిన్న మాట దాక్కుని ఉంది. జనం తమంతట తామే చేరి ఏర్పడిన మార్కెట్లో వీధి వ్యాపారులు యాభై ఏళ్లకి పైగా వ్యాపారం చేస్తుంటే, దాన్ని వారసత్వ మార్కెట్‌గా ప్రకటించాలి, అక్కడివాళ్లని వేరేచోటికి తరలించకూడదు. రాయి లేదు, గోపురం లేదు, పట్టా పరుచుకుని కూర్చున్న కాలమే కట్టడం. అదే చట్టం, సర్వే పూర్తయి ధృవపత్రాలిచ్చేదాకా ఎవర్నీ లేపకూడదంటుంది. నిర్ణయాలు చేసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం నలభై శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలంటుంది. 1883లో అఘోరనాథ్ కోరినదానికి, అంటే షరతులు నిర్ణయించే గదిలో మనిషికి చోటివ్వడానికి, మన చట్టాల్లో ఇంత దగ్గరగా వచ్చినవి తక్కువే.

కష్టం ఒక్కటే. రాయి మీద 1935 అని చెక్కుకోవచ్చు. పట్టా మీద ఏం చెక్కుతాం? ఆదివారం సాయంత్రం మడత పెడితే కట్టడం మాయమవుతుంది. అందుకే పుస్తకాలాయన జరిమానా రసీదులు దాచుకున్నాడు.

మరుసటి వారం వెళ్లినప్పుడు ఆయన్ని అడిగాను, మీ కుటుంబంలో మొదట కూర్చున్నదెవరని. "మా నాయిన. గీ జాగలనే. నేను లాగులేసుకున్నప్పటిసంది వస్తున్న" అన్నాడు. కాగితమేమైనా ఉందా అంటే మళ్లీ ఆ కవరు వైపే చూశాడు.

నాకో అలవాటుంది. పుస్తకం కొనగానే మొదటి పేజీలో కొన్న చోటు, తేదీ రాసుకుంటాను. ఆ రాత్రి అల్మారా ముందు కూర్చుని ఒక్కొక్కటే తీశాను. "ఆబిడ్స్, ఆదివారం" అని నా పాత, ఇప్పటికన్నా గుండ్రటి చేతిరాతలో ముప్ఫై ఒక్క పుస్తకాలు దొరికాయి. అన్నిటికన్నా పాతది 1996. అందులో ఒకటి సెకండ్‌హాండ్ తెలుగు నవల. నా తేదీ పైన ఇంకెవరిదో చేతిరాత, ఇంకో ఆదివారం: ఆబిడ్స్, 1981. ఆ మనిషెవరో నాకు తెలియదు. ఆ పుస్తకం అదే ఫుట్‌పాత్ మీద రెండుసార్లు అమ్ముడుపోయింది.

ఆ పేజీలన్నీ ఫొటోలు తీసి ప్రింటు వేయించి ఆయనకిచ్చాను. ఒక్కొక్కటే నిదానంగా చూసి, రసీదుల కవర్లోనే పెట్టుకున్నాడు. సర్వే చేసేవాళ్లు వీటిని లెక్కలోకి తీసుకుంటారో లేదో చెప్పలేను. "ఇంకా పాతయి ఎవరి దగ్గరన్న ఉంటయా సార్?" అని మాత్రం అడిగాడు.

ఉండే ఉంటాయి. మీ ఇంట్లోనో, మీ నాన్నగారి ట్రంకుపెట్టెలోనో. ఒకసారి మొదటి పేజీ తిప్పి చూడండి.